మెట్టు మెట్టుకో కథ... చెప్పే పెద్దలే కరువు

తిరుపతి: అలిపిరి నుంచి కాలినడకన కొండకు బయలుదేరే వారికి ముందుగా కనబడేది పాదాల మండపం. స్వామివారి పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి, తొలి మెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నడక మొదలు పెట్టడం మన పల్లెల ఆచారం. దారి 9 కిలోమీటర్లు. మెట్లు 3,550. కుర్రకారు రెండు మూడు గంటల్లో ఎక్కేస్తున్నారు. అయితే ఏ రాయి తొక్కారో, ఏ అడవి దాటారో అడిగితే చెప్పగలిగే వారు బహు తక్కువ.

1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేవరకు కొండకు నడకే గతి. నడవలేని వారికి డోలీ. ఊరివాళ్లంతా జట్టుగా గోవిందనామాలు చెప్పుకుంటూ ఎక్కేవారు. దారి తెలిసిన పెద్దాయన ముందు నడుస్తూ, ఆగిన చోటల్లా ఒక కథ చెప్పేవాడు. తలయేరు గుండుకు తల ఆనిస్తే నొప్పులు పోతాయన్న నమ్మకం, మోకాళ్ల పర్వతాన్ని రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారన్న కథ, చెప్పులతో ఎక్కి సొమ్మసిల్లిన పసి అన్నమయ్యకు అలమేలుమంగమ్మ కనిపించిన కథ అలా నోటి మీదుగానే మనకు అందాయి. తి.తి.దే. దాససాహిత్య ప్రాజెక్టు జరిపే మెట్లోత్సవంలో భజన మండళ్లవారు నేటికీ ఇలాగే ఎక్కుతున్నారు.

రాతిలో దాగిన కథ

పెద్దల కథల్లోకి చేరని కథ మరొకటి వుంది. ఇవి నిప్పులు కక్కిన కొండలు కావు. అడుగున వున్న గ్రానైటు మాత్రం భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడినదే. దాని వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్లు. దానిపైన పొరలు పొరలుగా వున్నది క్వార్ట్‌జైటు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే అలా రాయిగా మారింది. ఈ పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టినది మన నగరి పేరే. రెండింటికీ నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల కాలానికి ఇక్కడ రాయి రూపంలో గుర్తే మిగలలేదు. పద్దుల పుస్తకంలో నడిమి కాగితాలు చిరిగిపోయినట్లన్న మాట. ఘాట్ రోడ్డు పక్కన ఈ అతుకు కంటికి కనబడుతుంది.

కొండపైన చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం కూడా క్వార్ట్‌జైటే. గాలీ వానా అరగదీయగా 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున నిలిచింది. ఈ రెండూ జాతీయ భూగర్భ స్మారకాలు.

అడవిని మరిస్తే ముప్పు

దారికి ఇరుపక్కలా వున్నది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం. ఎర్రచందనాన్ని దుంగగా లారీలో పట్టుబడినప్పుడు పేపర్లో చూడడమే గాని, చెట్టుగా గుర్తుపట్టే వారెందరు? కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చే మనవారికి, ప్రాణమున్న బంగారు బల్లి ఈ కొండల రాతి నెరియల్లోనే తిరుగుతున్నదని తెలియదు.

తెలియకపోవడం వల్ల నష్టమేమిటని అనవచ్చు. 2023 ఆగస్టులో ఇదే మెట్లదారిలో ఆరేళ్ల బాలిక చిరుత వాత పడింది. ఆ తరువాత భక్తుల చేతికి కర్రలిచ్చారు. గుంపులుగా వెళ్లమన్నారు. చిన్న పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తరువాత మెట్లదారిలోకి వదలలేదు. జంతువులకు తిండి పెట్టరాదన్నారు. మనం పారవేసే తిండికి కుక్కలు, పందులు చేరితే, వాటి వెనుక చిరుత రాక మానదు. పిల్లలను నడుమ పెట్టుకుని జట్టుగా నడవడం మన పెద్దలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన సంగతి.

కొండకు వెళ్లే ప్రతి జట్టులోనూ కథ చెప్పే మనిషి ఒకరుండాలి. దేవుడి కథతోపాటు రాయి సంగతి, చెట్టు సంగతి, చిరుత సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. భజన మండళ్ల గురువులకు, పల్లె బడుల పంతుళ్లకు అటవీశాఖ, దేవస్థానం వారు ఈ విషయాలు నేర్పితే, రాతి అతుకు వద్ద, మెట్ల పక్కన అందరికీ అర్థమయ్యే తెలుగులో బోర్డులు పెడితే, ఖర్చు స్వల్పం, మేలు అధికం. అంతవరకు మన ఊరి పెద్దాయన్ను ముందు నడవమందాం. ఆయన ఆగిన చోట మనమూ ఆగుదాం.