మిర్చి లారీ క్యాబిన్‌లో శరీరశాస్త్రం

గుంటూరు మిర్చి యార్డులో కొనుగోళ్లు పొద్దున జరుగుతాయి. ఎర్రగొండపాలెం సరుకైనా, వినుకొండ సరుకైనా, కర్నూలు అవతలి నుంచి వచ్చే సరుకైనా తెల్లవారేసరికి యార్డులో దిగి ఉండాలి. అందుకే మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించిన లారీ రాత్రంతా నడుస్తుంది. అమ్ముడైన సరుకు తూకం పూర్తయ్యాక మళ్లీ లారీ ఎక్కుతుంది. కొంత చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు పోతే, కొంత సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి, కొంత ముంబైకి, ఢిల్లీకి బయలుదేరుతుంది. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుల నుంచి 170 కిలోల బేళ్లు తమిళనాడు నూలు మిల్లుల దారి పడతాయి. తేజ రకం మిర్చి క్వింటాలు ఎంత పలికిందో రోజూ పేపర్లో వస్తుంది. ఆ సరుకును చేరవేసిన డ్రైవరు ఒంటి మీద ఎంత భారం పడిందో మాత్రం ఎవరూ రాసిపెట్టరు. ఆ భారాన్ని కొలిచే పద్ధతులు శాస్త్రం దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని మన రోడ్లకు, మన క్యాబిన్లకు అన్వయించి చూడవలసిన అవసరం ఉంది.

2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇద్దరికి వచ్చింది. వారిలో డేవిడ్ జూలియస్ పరిశోధన మొదలైంది మన మిరపకాయలోని కారపు పదార్థంతోనే. దాని పేరు క్యాప్సైసిన్. అది నాడీకణం మీద ఏ ప్రోటీన్‌ను తట్టి మంట పుట్టిస్తుందో ఆయన బృందం 1997లో కనిపెట్టింది. ఆ ప్రోటీన్‌నే ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటున్నారు. వేడి సుమారు 43 డిగ్రీలు దాటినా తెరుచుకునేది ఇదే. అంటే కారం తగిలినప్పుడూ, ఒళ్లు కాలినప్పుడూ మెదడుకు కబురు పంపే ద్వారం ఒక్కటే. ఆ బహుమతి పంచుకున్న రెండో శాస్త్రవేత్త ఆర్డెం పటపూటియన్. ఒత్తిడిని, స్పర్శను, కాళ్లూ చేతులూ ఏ భంగిమలో ఉన్నాయన్న ఎరుకను అందించే పీజో ప్రోటీన్లను ఆయన కనుగొన్నారు. క్యాబిన్‌లో డ్రైవరును బాధపెట్టేవి ముఖ్యంగా ఈ రెండే: వేడి, ఒత్తిడి. ఆ ఇబ్బంది అతని బలహీనతకు గుర్తు కాదు, నాడులు తీస్తున్న కొలత. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే టీఆర్‌పీవీ1 మొద్దుబారుతుంది. నొప్పి మందుల్లో వాడుకునేది ఈ గుణాన్నే. ఏళ్ల తరబడి బండి నడిపినవారు నడుం నొప్పి గురించి అడిగితే ‘అలవాటైపోయింది’ అంటారు. అలవాటుతో బాధ తెలియడం తగ్గవచ్చు గాని వెన్నులో జరిగే అరుగుదల ఆగదు.

ముందు ఈ వెన్ను సంగతి చూద్దాం. కూర్చున్న మనిషిని కింద నుంచి పైకి కుదిపితే నడుము, పొట్ట భాగం ఒక ప్రత్యేకమైన వేగం దగ్గర అందిన కుదుపును మరింత పెంచి పైకి పంపుతుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు జరిగే కంపనం ఆ హద్దులోకి వస్తుంది. ఊయల ఊగే లయకు సరిగ్గా అందిస్తూ తోస్తే చిన్న తోపుకే అది ఎత్తుకు లేచినట్టు, ఆ లయలో వచ్చిన కుదుపుకు వెన్నుపూసలు తమకు అందినదానికన్నా ఎక్కువగా కదులుతాయి. దీన్ని అనునాదం అంటారు. లారీ ఎంత వేగంగా కంపిస్తుందన్నది కమాను కట్టల బిగువు మీద, వాటిపై ఉన్న బరువు మీద ఆధారపడుతుంది. బిగువు ఎక్కువై బరువు తక్కువైతే కంపనం వేగం పెరుగుతుంది. ఖాళీ బండి ఎగరేస్తుందని డ్రైవర్లందరూ చెప్పేదానికి కారణం ఇదే. కమాన్లు పూర్తి బరువుకు లెక్కగట్టి వేసినవి కాబట్టి ఖాళీగా తిరిగొచ్చే లారీ కంపనం సరిగ్గా నడుము తట్టుకోలేని హద్దుకు దగ్గరవుతుంది.

మన ప్రాంతపు సరుకులు ఇక్కడ ఒక చిక్కు తెచ్చిపెడతాయి. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి ఎక్కించిన లారీ చూడడానికి సగం ఖాళీగా ఉంటుంది గాని కమాన్లు పూర్తిగా అణిగిపోయి ఉంటాయి. మిర్చిది, విడి పత్తిది దీనికి తలకిందుల లెక్క. బాడీ పైకి, పక్కలకు పొంగిపొర్లేంత ఎత్తు వేసినా పరిమాణంతో పోలిస్తే బరువు తక్కువే. అది చాలనట్టు, తిరుగు ప్రయాణంలో సరుకు దొరక్కపోతే వందల కిలోమీటర్లు ఖాళీ బండితో రావాలి. ఇన్ని గంటల కుదుపుకు హద్దు ఎంతో ఐరోపా దేశాలు 2002లో చట్టంలోనే రాసుకున్నాయి. 8 గంటల పనికి సగటు కంపన త్వరణం సెకను వర్గానికి 0.5 మీటరు దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలి. 1.15 మీటర్లు దాటనివ్వకూడదు. కొలిచే పరికరాన్ని సీటు మీద, డ్రైవరు కింద పెడతారు. రోడ్డు ఎంత బాగుందన్నది కాదు, మనిషికి ఎంత అందిందన్నది అక్కడ లెక్క.

దీనికి జవాబు సీటులో ఉంది. పాత లారీల్లో చాలావాటి సీటు అంటే చెక్క మీద నురుగు దిండు, దాని మీద రెగ్జిన్. అణిగిపోయిందనిపిస్తే పైన మరో దిండో మడిచిన దుప్పటో వేస్తారు. పిర్రలకు మెత్తగానే ఉంటుంది. అయితే మామూలు నురుగు దిండు కూడా సెకనుకు సుమారు 4 కంపనాల దగ్గరే అనునాదం చెందుతుంది, అంటే ఆపవలసిన కుదుపునే అది పెంచుతుంది. గాలి బుడ్డి మీద కూర్చోబెట్టిన సస్పెన్షన్ సీటు సొంత కంపనం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లకు మించదు. అంతకన్నా బాగా వేగంగా వచ్చే కుదుపులు దాన్ని దాటి మనిషిని చేరేసరికి చాలావరకు తగ్గుతాయి. సీటును డ్రైవరు బరువుకు సర్దుకోవడం తప్పనిసరి. తొంభై కిలోల మనిషికి సర్దిన సీటు మీద యాభై అయిదు కిలోల మనిషి కూర్చుంటే ప్రయోజనం తగ్గిపోతుంది. ఇద్దరు డ్రైవర్లు మారే బండిలో దీన్ని పట్టించుకునేవారు అరుదు.

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి అందులోని ఒత్తిడిని నేరుగా కొలిచారు. ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు అది నిలబడినప్పటికన్నా ఎక్కువని తేల్చారు. 1999లో జర్మనీలో మళ్లీ కొలిస్తే ఊరకే కూర్చున్నప్పుడు అంత తేడా కనిపించలేదు. రెండు పరిశోధనలూ కలిసిన చోటు ఒకటుంది: ముందుకు వంగి కూర్చుంటే ఒత్తిడి బాగా పెరుగుతుంది, వెనక్కి ఆనుకుంటే తగ్గుతుంది. స్టీరింగ్ మీదికి వాలిపోయి నడిపే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. ఆనుడును నిటారుకన్నా కాస్త వెనక్కి వంచి, సీటును పెడళ్లకు దగ్గరగా జరిపి, తువ్వాలు గట్టిగా చుట్టి మొలతాడు కట్టుకునే ఎత్తులో నడుము వెనుక పెట్టుకుంటే ఎంతో తేడా తెలుస్తుంది. ప్యాంటు వెనక జేబులో పర్సు ఉంచుకుంటే కటి ఒక పక్కకు ఒరుగుతుంది, దాన్ని తీసి ముందు పెట్టుకోవాలి.

ఇంకో ప్రమాదం బండి ఆపిన తర్వాత ఉంది. గంటల తరబడి వంగి కూర్చుంటే వెన్నుపూసలను పట్టి ఉంచే స్నాయువులు సాగుతాయి. దిగిన వెంటనే అవి బిగుసుకోవు. కొన్ని నిమిషాలు పడుతుంది. మన డ్రైవర్లు సరిగ్గా ఆ నిమిషాల్లోనే పట్టా విప్పుతారు, తాళ్లు లాగుతారు, వెనక తలుపు గొళ్లెం కొడతారు. దిగగానే అయిదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, నడుము వెనక్కి విరిచి, ఆ తర్వాతే తాడు మీద చెయ్యి వేయాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

వేడి విషయంలో మన మైదానాలది రెండు రకాల వాతావరణం. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా ఎరిగినదే. పల్నాడు, ప్రకాశం పడమటి మండలాల్లో మే నెలలో 44, 45 డిగ్రీల పొడి వడగాడ్పు కొడుతుంది. అదే రోజు చీరాల, ఒంగోలు వైపు ఉష్ణోగ్రత తక్కువే ఉన్నా గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. శరీరం చల్లబడేది చెమట ఆరడం వల్ల. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. చెమట ఆరగలదా లేదా అన్నది చెప్పే కొలత తడిబల్బు ఉష్ణోగ్రత. 45 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే అది 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతానికి చేరితే 31 అవుతుంది. థర్మామీటరు ఏడు డిగ్రీలు తక్కువ చూపుతున్న ఒంగోలులో శరీరం చల్లబడడం పల్నాటి మాచర్లలో కన్నా కష్టమవుతుంది. మాచర్లలో పొద్దున బయలుదేరిన డ్రైవరు మధ్యాహ్నానికి ఒంగోలు చేరి చొక్కా పిండుకునే స్థితిలో ఉంటే, ఎండ తగ్గినా ఉక్క ఎందుకు పెరిగిందో ఈ లెక్క చెబుతుంది.

పొడి ప్రాంతంలో ఉండే మోసం వేరు. చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది కనుక దాహం వేసేసరికే నీరు చాలా పోయి ఉంటుంది. మూత్రానికి ఆగడానికి చోటు లేదని నీళ్లు తాగడం మానేసేవారు ఎందరో. మూత్రపిండాల్లో రాళ్లకు అది నేరుగా దారి. ఉప్పు వేసిన మజ్జిగ నీటినీ లవణాన్నీ కలిపి ఇస్తుంది, మన దారుల్లో దొరకనిదీ కాదు. కొత్త ఎండకు శరీరం వారం, రెండు వారాల్లో అలవాటు పడుతుంది. ఇది నిజమైన అలవాటు: చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అయితే అలా అలవాటుపడిన శరీరానికి నీరు ఇంకా ఎక్కువ కావాలి.

ఇక ఎండ ఒక పక్కే తగలడం. ముదురు డ్రైవరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూడండి. కిటికీ వైపున్న కుడి ముంజేయి నల్లబడి, ముడతలు పడి ఉంటుంది. చెంప కూడా అంతే. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో బి రకాన్ని ఆపుతుంది, ఎ రకాన్ని చాలావరకు వదిలేస్తుంది. 28 ఏళ్లు సరుకు బండి నడిపిన ఒక అమెరికా డ్రైవరు ఫొటోను 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ దేశంలో స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి అతని ముఖం ఎడమ సగమే ముసలిదైపోయింది. నిండు చేతుల చొక్కా ఒక్కటి ఈ నష్టాన్ని చాలావరకు ఆపుతుంది.

అన్నిటికన్నా బరువైనది నిద్ర. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత అడుగంటుతుంది, మెదడు చురుకు తగ్గుతుంది. మనిషి పగలు నిద్రపోయినా సరే, ఈ దినచక్రం ఒకటి రెండు రోజుల్లో మారదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుకు సమానమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1997లో చూపించారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే చుక్క ముట్టకపోయినా, నిద్రలేని డ్రైవరు స్థితి చట్టం నేరమనే మత్తును దాటి ఉంటుంది. ఊదించే యంత్రం దీన్ని పట్టుకోలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కన్ను నాలుగు సెకన్లు మూతపడితే లారీ 67 మీటర్లు తనంతట తాను పోతుంది.

జాతీయ రహదారి మీద అర్ధరాత్రి దాటాక పోలీసులు లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం మన దగ్గర ఉంది. వారి శ్రద్ధ మెచ్చుకోదగ్గది. కానీ చన్నీళ్ల ప్రభావం కొద్ది నిమిషాలే. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో 1990ల్లో చేసిన ప్రయోగాల్లో కాఫీ, చిన్న కునుకు రెండూ కలిపితే బాగా పనిచేశాయి. కాఫీ తాగిన వెంటనే పావుగంట పడుకుంటే లేచేసరికి కెఫీన్ పనిచేయడం మొదలవుతుంది. దాబాలో ఇచ్చే చిన్న గ్లాసు టీలో ఆ ప్రయోగాల్లో వాడినంత కెఫీన్ ఉండదు. కాబట్టి మన డ్రైవరు నమ్ముకోవలసింది టీని కాదు, కునుకును. ముఖం కడిగించిన చోటే బండి పక్కకు పెట్టి ఇరవై నిమిషాలు పడుకోనిస్తే ఆ కార్యక్రమం ఎన్నో రెట్లు ఫలిస్తుంది.

కదలకుండా కూర్చోవడమే గుండెకు చేటని కూడా డ్రైవర్ల వల్లే తెలిసింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా డ్రైవర్లకు గుండె జబ్బు ఎక్కువని జెర్రీ మోరిస్ 1953లో ప్రచురించారు.

ఇక నిబంధనల సంగతి. మూడున్నర టన్నులు పైబడిన సరుకు వాహనాలు 2025 అక్టోబరు 1 నుంచి ఏసీ క్యాబిన్‌తోనే తయారవ్వాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మంచి నిర్ణయం. అది కొత్త బండ్లకే వర్తిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో చెక్కతో, రేకుతో క్యాబిన్ కట్టించుకున్న పాత లారీలు ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటికి ఇంజిన్ మూత కింద వేడిని ఆపే పలక, పైకప్పుకు తెల్ల రంగు, డ్రైవరుకు ఒక సస్పెన్షన్ సీటు వేయించడం యజమానుల చేతిలో పనే. పని గంటల హద్దు కొత్తది కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, దూర ప్రయాణాల్లో అయినా 10 గంటలు మించరాదని, అయిదు గంటల పనికి కనీసం అరగంట విరామం ఉండాలని రాసింది. అయితే అది అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకు ఉద్దేశించినది. ఒకటి రెండు లారీలున్న యజమాని, తన లారీ తానే నడుపుకునే మనిషి దాని బయటే ఉండిపోయారు. మన జిల్లాల్లో అలాంటివారు తక్కువేమీ కాదు.

వారికి ఎవరైనా చేయగలిగింది ఉంటే అది యార్డు చేయగలదు. తెల్లవారేలోగా రావాలన్న తొందర కొనుగోళ్ల వేళ వల్ల పుట్టినదే. దూరపు లారీలు ముందు రోజు వెలుతురు ఉండగానే చేరి నిలవడానికి చోటు, డ్రైవరు పడుకోవడానికి ఫ్యాన్లున్న హాలు, స్నానానికి నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేస్తే, ఆ లారీ రెండు నుంచి అయిదు మధ్య రోడ్డు మీద ఉండవలసిన పని ఉండదు. యార్డు ఏటా మార్కెట్ సెస్సు వసూలు చేస్తుంది. ఆ హాలుకయ్యే ఖర్చు ఆ డబ్బులోంచి తీయడం న్యాయం.