గేరు ఎవరు మార్చాలి: మనిషా? యంత్రమా?

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా కారు కొనబోతున్నారా? అయితే ఈ వాదన మీ చెవిన పడే ఉంటుంది. "గేర్ల కారే కొనాలి, ధర తక్కువ, మైలేజీ ఎక్కువ" అని ఒకరంటారు. "ఆటోమేటిక్ అయితే ఎడమకాలికి పనే ఉండదు, హాయి" అని ఇంకొకరంటారు. ఎవరి మాట నిజం? అది తేల్చడానికి షోరూముకు పోనక్కరలేదు. మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని బలం, వేగం, ఘర్షణ అనే మూడు మాటలు చాలు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో కొనే బండి అది. ఇంటిల్లిపాదీ అందులోనే ప్రయాణం చేస్తారు. కాబట్టి కాస్త లెక్క చూద్దాం.

అసలు గేర్లెందుకు?

కారు ఆగి ఉన్నా, ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. చిన్న కారు చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. ఇంజనును నేరుగా చక్రాలకు తగిలించామనుకోండి. 800ను 1.9తో గుణిస్తే నిమిషానికి 1,520 మీటర్లు, అంటే గంటకు సుమారు 91 కిలోమీటర్లు! బడి ముందు మెల్లగా పోవలసిన బండికి అతి తక్కువ వేగమే 91 అన్నమాట. పైగా, ఆగి ఉన్న బండిని నేరుగా కదిలించేంత బలం ఆ ఇంజనుకు లేదు. చక్రాలకు తగిలించిన మరుక్షణమే ఆగిపోతుంది.

అందుకే మధ్యలో పళ్ళచక్రాలు పెట్టారు. చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పితే, పెద్దది నెమ్మదిగా తిరుగుతుంది కాని ఎక్కువ బలంతో తిరుగుతుంది. చిన్న కారు ఒకటో గేరులో ఇంజను సుమారు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 800 చుట్ల దగ్గర బండి వేగం గంటకు 6.5 కిలోమీటర్లే. ఇది చురుకైన నడక లాంటిది. వేగం 14 రెట్లు తగ్గింది. తిప్పే బలం, అంటే టార్కు, ఘర్షణ నష్టం పోగా దాదాపు 14 రెట్లు పెరిగింది. ఇక్కడ కొత్తగా శక్తి పుట్టలేదు సుమా! గడ్డపారతో బండరాయిని లేపేటప్పుడు మీ చెయ్యి చాలా దూరం కదిలితే రాయి కొంచెమే లేస్తుంది కదా? ఇదీ అంతే.

బండి ఒకసారి వేగం అందుకున్నాక అంత బలం అక్కరలేదు. అప్పుడు పై గేరు వేస్తారు. అందులో ఇంజను 3 చుట్లకే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను 2,000 చుట్ల దగ్గర నిదానంగా నడుస్తున్నా బండి గంటకు 76 కిలోమీటర్లు పోతుంది.

క్లచ్చి చేసే పని

గేరు మార్చేటప్పుడు ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఒక క్షణం తెగాలి. ఆ పని క్లచ్చిది. మీ అరచేతులు రెండూ గట్టిగా నొక్కి, ఒక చేతిని తిప్పండి. రెండోదీ తిరగబోతుంది. పట్టు కాస్త వదలండి. అరచేతులు జారి, వేడెక్కుతాయి. క్లచ్చి పలకలూ ఇలాగే పనిచేస్తాయి. ట్రాఫిక్కులో సగం క్లచ్చి మీద కాలుంచి నడిపేవారి కారులో ఆ పలకలు త్వరగా అరిగేది ఇందుకే.

ఆ పని యంత్రం చేస్తే?

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా దగ్గరగా పెట్టండి. ఒకదాని ప్లగ్గు తీసెయ్యండి. రెండోదాన్ని వెయ్యండి. ఆ గాలికి కరెంటు లేని ఫ్యాను కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె పెడితే? జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రానికే పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఉద్దేశం ఓడలను నడపడం. తరువాత అదే సూత్రం కార్లలోకి వచ్చింది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేర్లను పెద్ద ఎత్తున ప్రవేశపెట్టారు. ఈ రోజు అక్కడ కొత్తగా అమ్మే కార్లలో చేత్తో గేరు మార్చేవి చాలా అరుదు.

మన దేశం సంగతి వేరు. అంబాసిడర్ కాలం నుంచి, 1983లో వచ్చిన మారుతి 800 మీదుగా, మన కుటుంబాలన్నీ గేర్ల కార్లనే నడిపాయి. 2014లో మారుతి సెలెరియోతో ఏ.ఎం.టి. అనే కొత్త పద్ధతి చిన్న కార్లలోకి వచ్చింది. ఇందులో గేరుపెట్టె పాతదే. క్లచ్చి నొక్కేదీ గేరు వేసేదీ మాత్రం కంప్యూటరు ఆజ్ఞతో కదిలే చిన్న యంత్రాలు. నూనెలో జారుడు నష్టం లేదు కనుక దీని మైలేజీ గేర్ల కారుకు దగ్గరగానే ఉంటుంది. "ఆటోమేటిక్ అయితే పెట్రోలు తాగేస్తుంది" అనే పాత మాట అన్నిటికీ వర్తించదని గ్రహించండి.

మేడ్చల్ లెక్క, శామీర్‌పేట లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. మేడ్చల్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. వారి ముందు రెండు రకాల ప్రయాణాలున్నాయి. మొదటిది 44వ నెంబరు జాతీయ రహదారి మీద కొంపల్లి, సికింద్రాబాదు వైపు. ఒకప్పుడు దీన్నే 7వ నెంబరు రోడ్డు అనేవారు. ఉదయం పూట అక్కడ బండి కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. రెండోది ఔటర్ రింగు రోడ్డెక్కి శామీర్‌పేట దగ్గర దిగి, రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, కరీంనగర్ వైపు సొంత ఊరికి పోవడం. 158 కిలోమీటర్ల ఆ వలయం మీద ఒకసారి పై గేరు వేస్తే మళ్ళీ మార్చే పని చాలా తక్కువ.

రోజూ మొదటి దారిన పోయేవారికి ఆటోమేటిక్ ఒట్టి విలాసం కాదు. అలసిన డ్రైవరుకు బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా నడపాలంటే, ఎడమకాలికి విశ్రాంతి ఇచ్చే బండే ఆమెను ఎవరి మీదా ఆధారపడకుండా చేస్తుంది.

ఎక్కువగా రెండో దారిన పోయేవారికి గేర్ల కారు చాలు. ఏ.ఎం.టి.కి సాధారణంగా అర లక్ష దాకా, మిగతా రకాలకు ఇంకా ఎక్కువగా పెట్టవలసిన డబ్బు మిగులుతుంది. ఎదుటి లారీని దాటే ముందే డ్రైవరు కింది గేరు వేసుకుని బలం సిద్ధం చేసుకోగలడు. రోడ్డును చూసేది అతని కన్ను కదా! ఏ.ఎం.టి. యంత్రం ఎక్కువగా యాక్సిలరేటరు నొక్కిన తరువాతే మేలుకుంటుంది. ఘాటు దిగేటప్పుడు కింది గేరులో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచి, బ్రేకులు కాగిపోకుండా కాపాడుతుంది. ఆటోమేటిక్ కార్లలోనూ చాలావాటికి ఈ వీలుంది. దాన్ని వాడడం మాత్రం నేర్చుకోవాలి. ఇక ఊళ్ళో బ్యాటరీ పడుకుంటే నలుగురు తోసి, రెండో గేరులో క్లచ్చి వదిలితే చక్రాలే ఇంజనును తిప్పి లేపుతాయి. ఆటోమేటిక్ కారును ఇలా లేపలేరు.

ఒక జాగ్రత్త. ఎత్తు మీద ఆగినప్పుడు ఏ.ఎం.టి. కారును యాక్సిలరేటరుతో నిలబెట్టకండని మీ వారికి చెప్పండి. కాలు కింద క్లచ్చి పెడలు లేదు గాని, లోపల క్లచ్చి ఉంది. అది కాలిపోతుంది. బ్రేకే వాడాలి.

మీరు చేసి చూడండి

ఈసారి మేడ్చల్ నుంచి సికింద్రాబాదు పోయే డీజిల్ సిటీ బస్సులో డ్రైవరు కనబడే సీటులో కూర్చోండి. ఆయన ఎన్నిసార్లు గేరు మార్చారో లెక్కపెట్టండి. శామీర్‌పేట నుంచి కరీంనగర్ దారిలో పోయే బస్సులోనూ అంతే సమయం లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. మీ ఇంటి కారు నెలలో ఏ దారిన ఎన్ని గంటలు తిరుగుతుందో అడిగి గుణించండి. వచ్చిన అంకెను ఇంట్లో పెద్దల ముందు పెట్టండి. మీకు 18 ఏళ్ళు నిండేదాకా స్టీరింగు పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. లెక్క కట్టడానికి మాత్రం ఈ రోజే కూర్చోవచ్చు.