అంతర్జాల సంభాషణమున తెలుగు వ్రాత: ఐ.ఆర్.సి. వినియోగ విధానము

వ్రాతమూలమున దూరస్థులతో తత్క్షణమే సంభాషించుటకు నేడు పెక్కు సాధనములు కలవు. వానిలో అధికభాగము ఒక్కొక్క వ్యాపారసంస్థ అధీనమున నున్నవి. ఇంటర్నెట్ రిలే చాట్ అనునది అట్టిది కాదు. దీనిని ఐ.ఆర్.సి. అని వాడుదురు. ఫిన్లండు దేశమున ఔలు విశ్వవిద్యాలయమునందు 1988 ఆగస్టు మాసమున యార్కో ఓయికరినెన్ దీనిని నిర్మించెను. దీని నియమావళి 1993 మే నెలలో 1459వ సంఖ్యగల పత్రముగా ప్రకటితమైనది. దానిని చదివి ఎవరైనను సర్వరును గాని క్లయింటును గాని వ్రాసికొనవచ్చును. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అను నెట్‌వర్కు యాజమాన్యమును గూర్చి వివాదము పుట్టినపుడు, దాని నిర్వాహకులలో పెక్కురు వెడలి లిబెరా చాట్ అను వేఱొక నెట్‌వర్కును స్థాపించిరి. వికీమీడియా మున్నగు సమాజములు కొలది దినములలోనే అచటికి తరలిపోయినవి. వారు క్రొత్త పరికరము నేర్వవలసిన పని లేకపోయెను. సర్వరు చిరునామా మార్చుకొనిన చాలెను.

ఇంత సరళమైన సాధనమును తెలుగువారు వాడునపుడు ఒక చిక్కు కలదు. తెలుగులిపిలో దీర్ఘముగా వ్రాసినవానికి తన తెరపై సందేశము సంపూర్ణముగా కన్పడును. ఎదుటివారికి మాత్రము అది నడుమ తెగి చేరవచ్చును. వ్రాసినవానికి ఆ సంగతి తెలియదు. ఒక పాఠాంతరమును గూర్చియో, ఒక శబ్దవ్యుత్పత్తిని గూర్చియో చర్చ సాగునపుడు వాక్యము చివర నుండవలసిన 'కాదు' అను మాట లోపించినచో అర్థమే తలక్రిందులగును. తెలుగున నిషేధార్థకము వాక్యాంతమున వచ్చుట సహజము కదా! కావున ఈ తెగుటకు కారణమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

నియమావళి ననుసరించి ఒక సందేశము 512 బైట్లకు మించరాదు. అందు తుది రెండు బైట్లు పంక్తి ముగింపును తెలుపు గుర్తులు. మిగిలిన 510 బైట్లును వ్రాసినవానివి కావు. సర్వరు ఆ సందేశమును ఇతరులకు అందించునపుడు దాని ముందు పంపినవాని నిక్, అనగా మారుపేరు, వాని కంప్యూటరు చిరునామా, ఛానెలు పేరు మొదలగునవి చేర్చును. ఇవి సాధారణముగా 70, 80 బైట్లను ఆక్రమించును. ఈ చేర్పుతో పరిమితి దాటినచో సర్వరు చివరిభాగమును నఱకివేయును. కావున వ్రాతకు నికరముగా మిగులునది సుమారు 430 బైట్లు.

ఆంగ్లమునకు ఇది చాలును. ఏలయన రోమను అక్షరమొక్కటికి ఒక బైటు. తెలుగునకు నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క యూనికోడ్ సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ఇచట సంకేతమనగా మన అక్షరము కాదని గమనింపవలెను. హల్లు ఒక సంకేతము, గుణింతపు గుర్తు ఒక సంకేతము, పొల్లు ఒక సంకేతము. 'తెలుగు' అనునది మనకు మూడక్షరములు, యూనికోడునకు ఆఱు సంకేతములు, బైట్లు 18. అదే మాటను రోమను లిపిలో వ్రాసినచో ఆఱు బైట్లు. 'స్త్రీ' అనునది ఒక్క అక్షరము. కాని సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము కలిసి ఆఱు సంకేతములై అదియు 18 బైట్లనే గ్రహించును. 'నెట్‌వర్కు' వంటి మాటలలో పొల్లును నిలుపుటకై నడుమ నుంచు అదృశ్యమైన గుర్తునకు సైతము మూడు బైట్లు. కన్పడని దానికిని వెల చెల్లింపవలసినదే.

తెలుగుశాఖ వారికి సుబోధముగా నుండుటకై పద్యములతో కొలిచి చూతము. ఉత్పలమాలకు పాదమునకు 20 చొప్పున 80 అక్షరములు. అక్షరమునకు రెండేసి సంకేతములని స్థూలముగా లెక్కించినను 160 సంకేతములు, 480 బైట్లు అగును. ఉత్పలమాల ఒక్క సందేశమున ఇముడుట కష్టము. కందమున 64 మాత్రలే కలవు. రెండవ, నాలుగవ పాదముల చివర గురువు లుండవలెను గనుక మిగిలినవన్నియు లఘువులైనను అక్షరములు 62కు మించవు. అదే లెక్కను 372 బైట్లు. కందము సుఖముగా నిముడును. వినోదమునకు చెప్పిన మాట కాదిది; ఒక సందేశమున ఎంత వ్రాయవచ్చునో గుర్తుంచుకొనుటకు ఇంతకంటె సులభమైన కొలమానము నాకు తోపలేదు.

తెగిన చోట మఱొక అనర్థము కలదు. సర్వరు అక్షరములను ఎఱుగదు, బైట్లనే ఎఱుగును. మూడు బైట్ల సంకేతమున రెండవ బైటు తరువాత నఱికినచో చివరి గుర్తు ప్రశ్నార్థకముగనో, ఖాళీ గడిగనో కన్పడును. సంయుక్తాక్షరము నడుమ తెగినచో ఒక పంక్తి పొల్లుహల్లుతో ముగిసి, తరువాతి హల్లు మాయమగును. నేటి క్లయింటులలో పెక్కు దీర్ఘసందేశమును తామే విభజించి పంపును. కాని సంకేతములను లెక్కించి విభజించు క్లయింటు తెలుగునకు పనికిరాదు. బైట్లను లెక్కించునది కావలెను. తన క్లయింటు ఏ తెగకు చెందినదో తెలిసికొనుటకు ఉపాయ మొకటి కలదు. రెండవ నిక్‌తో అదే ఛానెలు ప్రవేశించి, మొదటి నిక్‌తో దీర్ఘవాక్యము పంపి, అది ఎట్లు చేరినదో చూడవలెను. అంతకంటె మేలైనది వాక్యమును తానే విఱిచి, ఒక్కొక్క పంక్తికి ఒక్కొక్క సమాపకక్రియ యుండునట్లు వ్రాయుట. క్త్వార్థకములతో వాక్యమును పొడిగించుకొనిపోవు అలవాటు గ్రంథమున శోభించునేమో గాని ఇచట చెల్లదు.

ఈ చిక్కులకు వెఱచి పలువురు రోమను లిపిలో తెలుగు వ్రాయుదురు. 2001లో విండోస్ ఎక్స్.పి. తెలుగునకు అవకాశము కల్పించుటకు పూర్వము సామాన్యునికి వేఱు మార్గమును లేకుండెను. రైస్ విశ్వవిద్యాలయము పేర ప్రసిద్ధమైన లిప్యంతరీకరణ పద్ధతి పాటించినచో సందేహమునకు తావుండదు; పెద్ద చిన్న అక్షరముల భేదముచే దంత్యమూర్ధన్యములు స్పష్టముగా వేఱుపడును. కాని తొందరలో వ్రాయువారు దానిని పాటింపరు. అప్పుడు 'పాత', 'పాట' అను రెండును ఒకే నాలుగు రోమను అక్షరములగును. 'పాత పాట' అని వ్రాసినది 'పాట పాత' యో ఎవరు చెప్పగలరు? శబ్దచర్చకు ఈ వ్రాత తగదని నా యభిప్రాయము, కుశలప్రశ్నలకు అడ్డులేదు.

తెలుగులిపి ఈ వ్యవస్థలో చెల్లుట ఒక విధమున యాదృచ్ఛికము. 1993 నాటి నియమావళి ఏ లిపిసంకేతమును నిర్ణయింపలేదు. ఎనిమిది బిట్ల సంకేతములని మాత్రమే చెప్పి ఊరకొన్నది. కనుక సర్వరు అర్థము విచారింపక బైట్లను మోసికొనిపోవును. ఐతే నిక్‌ల విషయమున ఆ యుదారత లేదు. నియమావళి ప్రకారము నిక్ రోమను అక్షరముతో మొదలై తొమ్మిది గుర్తులకు మించకుండవలెను. 'వేంకటేశ్వరరావు' అనుటకు రోమను లిపిలో పదునైదు అక్షరములు కావలెను. నేడు పెక్కు నెట్‌వర్కులు పరిమితిని పెంచినవి. నిక్‌లలో చతురస్ర కుండలీకరణములును పుష్పకుండలీకరణములును పెద్ద చిన్న అక్షరములవలె పరస్పరము సమానములని మఱొక నియమము కలదు. ఇది చూచినవారికి అర్థరహితముగా తోచును. ఫిన్లండు, స్వీడను దేశముల కంప్యూటరులలో ఆ గుర్తుల స్థానమున వారి భాషలకు ప్రత్యేకమైన అచ్చులుండెను. ఆ అచ్చులకు పెద్ద చిన్న రూపములు కలవు గనుక నియమమునను ఆ భేదము నిలిచినది. పుట్టిన దేశపు వర్ణమాల జాడ ప్రపంచవ్యాప్తమైన సాధనమున ఇట్లు మిగిలియుండుట భాషాశాస్త్రజ్ఞులకు ఆసక్తికరము.

ఇక సంబోధనము. నిక్ వలన వయస్సుగాని, స్త్రీపుంభేదముగాని తెలియదు. మధ్యమపురుషకు 'మీరు' అను మాటతో నిర్వాహమగును. నిక్ చివర 'గారు' చేర్చుటయు ఉచితమే. నిక్ మాత్రము చెడకుండ వ్రాయవలెను, ఏలయన అది సందేశమున కన్పడినపుడే అవతలివాని క్లయింటు వానిని హెచ్చరించును. 'గారు' అనుదానిని ఖాళీ విడిచి వేఱుగా నుంచుట మంచిది. చిక్కంతయు 'మీ' అను ఆజ్ఞలో నున్నది. వాలుగీత పెట్టి ఆ ఆంగ్లపదము వ్రాసి ఒక క్రియను చేర్చినచో, అందఱికిని నిక్ కర్తగా ప్రథమపురుషలో వాక్యము కన్పడును. ఆంగ్లక్రియకు లింగభేదము లేదు. తెలుగున 'నవ్వుచున్నాడు', 'నవ్వుచున్నది' అనక తప్పదు. 'నవ్వుచున్నారు' అన్నచో తన్ను తాను గౌరవించుకొనినట్లగును. లింగము తెలుపనొల్లనివారు క్రియను విడిచి నామవాచకముతో సరిపెట్టుకొనవలెను.

ఛానెలు ప్రవేశించినంతనే పైనుండు విషయపంక్తిని చదువవలెను. అచటి నియమములు అందుండును. 'ఒక సందేహము అడుగవచ్చునా?' అని అడిగి కూర్చుండుట వ్యర్థము. సందేహమునే నేరుగా అడిగి, వేచియుండవలెను. ఛానెలులో నలువది పేర్లు కన్పడినను వారందఱును తెర యెదుట నుండరు. హైదరాబాదున సాయంకాలము ఆఱున్నర గంటలైనపుడు న్యూయార్కున వేసవిలో ఉదయము తొమ్మిది గంటలు. ఆ వేళ ప్రవాసాంధ్రులతో చర్చకు అనుకూలము. ప్రశ్నించి ఐదు నిమిషములలో నిష్క్రమించువాడు ఉత్తరమును పొందడు. ఒక్కొక్కప్పుడు సర్వరుల నడుమ నున్న లంకె తెగి, సగము మంది ఒక్కసారిగా మాయమగుదురు. సర్వరులు చెట్టుకొమ్మలవలె కూర్పబడినవి గనుక ఒక లంకె తెగినచో నెట్‌వర్కు రెండుగా చీలును. అలిగి వెడలినారని భావింపరాదు, తిరిగి వచ్చెదరు. ఐతే చీలికవేళ ఈవలివారు వ్రాసినది ఆవలివారికి చేరదు. వారు వచ్చినపిదప మరల వ్రాయవలెను.

పరిశోధకునకు ముఖ్యమైన విషయము మఱొకటి కలదు. సంప్రదాయకమైన ఐ.ఆర్.సి. సర్వరు జరిగిన సంభాషణను భద్రపఱుపదు. నీవు లేనపుడు జరిగినది నీకు లేనట్లే. 1991 ఆగస్టున మాస్కోలో ప్రభుత్వముపై తిరుగుబాటు జరిగినపుడు ఈ మార్గమున ప్రసరించిన వార్తలు నేటికిని చదువుటకు లభించుచున్నవనగా, ఆనాడు పాల్గొన్నవారిలో కొందఱు తమ యంత్రములలో దాచుటయే కారణము. క్లయింటులో లాగ్ అను సౌకర్యమును ప్రారంభమునందే తెఱచియుంచవలెను; తేదీ, కాలము ప్రతిపంక్తికిని పడునట్లు చూడవలెను. ఎడతెగక వినదలచినవారు బౌన్సరు అను మధ్యవర్తి ప్రోగ్రామును ఎల్లప్పుడును నడుచు కంప్యూటరునందు నిలుపుదురు; అది వారి పేర ఛానెలులో నుండి, వారు వచ్చినపుడు తప్పినదంతయు చూపును. ఇట్లు దాచినదానిని వ్యాసమున ఉదాహరింపదలచినచో మాటలాడినవారి యనుమతి పొందవలెను. బహిరంగముగా లాగ్ ఉంచు ఛానెలులు ఆ సంగతిని విషయపంక్తిలోనే తెలుపుచుండును. తెలుపని చోట సమ్మతి యున్నదని ఊహింపరాదు. నిక్ మాత్రమే ఉదాహరించిన చాలునా యనిన, చాలదు. ఎఫ్‌నెట్ వంటి నెట్‌వర్కులలో నిక్‌నకు స్వామ్యము లేదు, నిన్న ఒకరు వాడినది నేడు మఱొకరిది కావచ్చును. నెట్‌వర్కు పేరు, ఛానెలు పేరు, తేదీ, కాలమండలముతో గూడిన గంట, ఈ నాలుగును నిక్‌తో చేర్చి వ్రాయవలెను.