పండించడం సగం పని... సరుకు పంపడం మిగతా సగం

పెద్ద కంపెనీల్లో సరుకు రవాణా, నిల్వ, పంపిణీ చూడటానికి జీతమిచ్చి ఓ మేనేజరును పెట్టుకుంటారు. ఎంత సరుకుంది, ఎప్పుడు పంపాలి, ఎక్కడ దాచాలి, ఖర్చెంత అన్న లెక్కలన్నీ ఆయనవే. రెండెకరాల మిర్చి రైతుకు అలాంటి మనిషి లేడు. ఆ పనీ మీరే చేసుకోవాలి రైతు సోదరులారా!

కల్లంలోనే మొదలు

కాయలో తేమ 10-11 శాతానికి మించకుండా ఆరబెట్టాలి. ఊపితే గింజ గలగలలాడాలి. తాలు కాయలు వేరుచేసి విడిగా బస్తాలకెత్తాలి. తొక్కేటప్పుడు కాయ విరగకూడదని కొందరు నీళ్లు చల్లుతారు. దానివల్ల బూజు పడుతుంది, రంగు పోతుంది, ధరా పోతుంది. తేజ, 334 వంటి రకాలను ఒకే లాటులో కలపొద్దు.

బండి కట్టేముందు

గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు. మే నెలలో వేసవి సెలవులూ ఇస్తుంటారు. ఆ తేదీలు ముందే కనుక్కోండి. త్రిపురాంతకం వైపు నుంచి గుంటూరు నూరు కిలోమీటర్ల పైమాటే. పదేసి బస్తాలున్న నలుగురైదుగురు కలిసి ఒకే లారీ మాట్లాడుకుంటే కిరాయి కలిసొస్తుంది. ఎవరి బస్తాల మీద వారి గుర్తు వేసుకోవడం మరవొద్దు.

దాచాలా? అమ్మాలా?

కోల్డ్ స్టోరేజీలో కాయ రంగు నిలుస్తుంది, నిజమే. కానీ దాచిన ప్రతి నెలా ఖర్చే. ఉదాహరణకు మీ దగ్గర 40 కిలోల టిక్కీలు 50 ఉన్నాయనుకుందాం. అంటే 20 క్వింటాళ్లు. క్వింటాలు ధర రూ.12,000 చొప్పున రూ.2,40,000 సరుకు. అంత అప్పూ ఉండి, నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే అయిదు నెలలకు రూ.24,000. టిక్కీకి రూ.200 చొప్పున అద్దె రూ.10,000. ఎత్తుడు దించుడు, కిరాయి కలిపి రూ.2,500. మొత్తం రూ.36,500. క్వింటాలుకు రూ.1,825 పడింది. అంటే ధర రూ.13,825 దాటితేనే దాచినందుకు లాభం! మీ వడ్డీ, మీ అద్దె వేసుకుని ఇదే లెక్క కట్టండి. అప్పు ఒత్తిడి ఉంటే సగం అమ్మి బాకీ తగ్గించుకుని, మిగతా సగమే దాచడం మేలు.

కాగితం మీ పేరునే

స్టోరేజీ రసీదు మీ పేరున ఉండాలి. ఏజెంటు పేరున రాయిస్తే సరుకు మీదైనా పెత్తనం ఆయనదవుతుంది. రసీదులో లాటు నంబరు, బస్తాల లెక్క, బరువు, తేదీ చూసుకోండి. సరుకుకు బీమా ఉందో లేదో అడగండి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థలో నమోదైన గిడ్డంగి రసీదు మీద బ్యాంకు రుణం అడిగే వీలుంది.

అమ్మినరోజే కాటా దగ్గర నిలబడి బరువు చూసుకుని తక్‌పట్టీ తీసుకోండి. 2025లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద మన రాష్ట్ర మిర్చికి క్వింటాలు రూ.11,781గా ధర నిర్ణయించింది. ఇలాంటి సాయం అడగాలన్నా చేతిలో కాగితం ఉండాలి కదా!

పత్తి రైతులకూ ఇదే మాట. సీసీఐ మద్దతు ధర పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం మించకూడదు. ఆపైన కోత, 12 దాటితే కొనరు. బండి కట్టకముందే ఆరబెట్టుకుంటే తిరుగు కిరాయి తప్పుతుంది.

ఓ నోటుపుస్తకం కొని ఈ లెక్కలన్నీ రాసుకోండి. వచ్చే ఏడు ఎప్పుడు అమ్మాలో ఆ పుస్తకమే చెబుతుంది.