అరగంట ఎక్కడ పోయింది?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 264 కిలోమీటర్లు. ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ విమానాశ్రయం నుంచి మిల్డూరాకి అలాగే గీస్తే సుమారు 254. చూడటానికి రెండూ ఒకేలాంటి ప్రయాణాలు. కానీ బయల్దేరిన టైమునీ, చేరిన టైమునీ తీసుకుని ప్రయాణకాలం చెప్పే ప్రోగ్రాము రాస్తే, మొదటిదానికి చక్కగా పనిచేసిన కోడు రెండోదాని దగ్గర బోల్తా పడుతుంది. ఎందుకో చూద్దాం.

ముందు దూరం సంగతి. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే హావర్సైన్ సూత్రంతో పని అయిపోతుంది. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకోవాలి. డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరిచిపోకూడదు. భూమి అచ్చంగా బంతిలా ఉండదు కాబట్టి జవాబులో అరశాతం దాకా తేడా రావచ్చు. మన అవసరానికి అది లెక్కలోకి రాదు.

ఇక కాలం. గంటకి 500 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే ప్రొపెల్లర్ విమానానికి 254 కిలోమీటర్లంటే అరగంట. ఎదురుగాలి గంటకి 50 కిలోమీటర్లు ఉంటే 34 నిమిషాలు, అదే గాలి వెనకనుంచి వీస్తే 28. రన్‌వే దాకా వెళ్ళడం, పైకెక్కడం, దిగడం అన్నీ కలిపి 50 నిమిషాలనుకుందాం.

అసలు చిక్కు గడియారంలో ఉంది. బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఉన్నా, పాటించేది పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా టైము. ఈ గనుల ఊరికి 1888 నాటికే అడిలైడ్ వైపు రైలు ఉంది. సిడ్నీ వైపు రైలు దారి కలిసింది 1927లో. ఆ పాత అనుబంధం గడియారంలో మిగిలిపోయింది. విక్టోరియాలో ఉన్న మిల్డూరా దీనికన్నా అరగంట ముందుంటుంది. డేలైట్ సేవింగ్ రెండు చోట్లా ఒకే రోజున మారుతుంది కాబట్టి ఈ తేడా ఏడాదంతా ఉంటుంది.

బ్రోకెన్ హిల్‌లో 10:00కి బయల్దేరితే మిల్డూరా గడియారంలో 11:20కి దిగుతాం. తిరుగు ప్రయాణంలో 10:00కి బయల్దేరితే 10:20కే దిగుతాం! రెండు టైములనీ తీసివేసే ప్రోగ్రాము ఒకవైపు 80 నిమిషాలనీ, రెండోవైపు 20 అనీ చెబుతుంది. 254 కిలోమీటర్లు 20 నిమిషాల్లో అంటే గంటకి 762. ఈ విమానానికి అది అసాధ్యం. దూరాన్ని కాలంతో భాగించి చూసే చిన్న పరీక్ష ఒక్కటి పెట్టినా ఈ తప్పు దొరికిపోతుంది.

దేశమంతా ఒకే టైము ఉన్నచోట పెరిగిన మనకి ఈ ఆలోచన తొందరగా తట్టదు. బ్రోకెన్ హిల్‌లో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ స్థావరం ఉంది. అలాంటి ఊళ్ళో 10:00కి మందిచ్చి, రోగిని విమానంలో మిల్డూరాకి తీసుకెళ్ళారనుకోండి. నాలుగు గంటల తర్వాత ఇవ్వాల్సిన రెండో మోతాదుని అక్కడి గడియారం చూసి 14:00కి ఇస్తే, మూడున్నర గంటలకే ఇచ్చినట్టు.

అందుకే డేటాబేసులో కాలాన్ని యూటీసీలో దాచండి. రాష్ట్రం పేరు చూసి టైమ్ జోన్ ఊహించకండి. జోన్ల పట్టికలో 'ఆస్ట్రేలియా/బ్రోకెన్_హిల్' అని ఈ ఊరికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. మీ తర్వాతి ప్రోగ్రామును పరీక్షించడానికి ఈ రెండు ఊళ్ళనీ వాడుకోండి.