మోకాలి కీళ్ళ అరుగుదల – రక్తంలో వాపు సూచికలు

మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ అనగా మోకాలి కీలులోని మృదులాస్థి క్రమంగా క్షీణించే వ్యాధి. వయసు, అధిక బరువు, పాత గాయాలు, ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చొని చేసే పనులు దీనికి ముఖ్య కారణాలు. హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట వంటి చోట్ల పొలాలలో కలుపు తీసేవారికి ఈ చివరి కారణం వర్తిస్తుంది.

సూచికలు

అరిగిన మృదులాస్థి తునకలు కీలు లోపలి పొరలో వాపు కలిగిస్తాయి. అక్కడ వెలువడే ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి, కాలేయం చేత సి-రియాక్టివ్ ప్రోటీనును (సి.ఆర్.పి.) తయారు చేయిస్తుంది. దీనిని 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన టిలెట్, ఫ్రాన్సిస్ గుర్తించారు. నిలువు గొట్టంలోని రక్తంలో ఎర్ర కణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో తెలిపే పరీక్ష ఈ.ఎస్.ఆర్.

పరిమితులు

ఈ వ్యాధిలో వాపు చాలావరకు కీలుకే పరిమితం. అందువలన ఈ.ఎస్.ఆర్. సాధారణ స్థాయిలోనే ఉండి, సి.ఆర్.పి. స్వల్పంగా పెరగవచ్చు. స్థూలకాయం వలన కూడా సి.ఆర్.పి. పెరుగుతుంది. కనుక రక్తపరీక్షలో తేడా కనిపించనంత మాత్రాన రోగి చెప్పే నొప్పి అబద్ధం కాదు. ఈ సూచికలు బాగా పెరిగినచో రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీలులో చీము వంటివాటిని అనుమానించాలి. వ్యాధి నిర్ధారణకు లక్షణాలు, వైద్యుని పరీక్ష, ఎక్స్-రేలే ఆధారం.