కాలమ్ తీసేస్తే పోయేదెవరికి?

పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు పేరు కూడా ఉండేది. 2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఆ రెండో కాలమ్ లేదు. సాఫ్ట్‌వేర్‌లో మార్పులను పరిశీలించే ఇంజినీరుకు ఇది ముచ్చటగానే కనిపిస్తుంది. ఒక కాలమ్ తగ్గితే డేటాలో పొంతన కుదరని చోట్లు తగ్గుతాయి, రిజిస్ట్రేషన్ కాగానే మ్యుటేషన్ కూడా అయిపోతుంది. పరీక్షలన్నీ పాసే.

ఆ నిర్ణయం ప్రోగ్రామర్లది కాదు, పాలకులది. దానికీ ఒక వాదన ఉంది: కాలమ్‌లో పేరెక్కితే రేపు భూమే తమదంటారని పట్టాదారుల భయం. అయితే జనగామలో పత్తి వేసే కౌలురైతుకూ, తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకున్నవారికీ సాగులో ఉన్నామని చూపుకోవడానికి ఆ కాలమ్మే ఒక ఆధారం. సాదాబైనామాల కోసం ఆ ఏడాది సుమారు 9 లక్షల దరఖాస్తులొచ్చాయి. ధరణితో పాటు వచ్చిన కొత్త చట్టంలో వాటికి దారి లేకపోవడంతో హైకోర్టు ఉత్తర్వుతో ఎక్కువ భాగం ఆగిపోయాయి. కంప్యూటర్ దరఖాస్తు తీసుకున్నంత మాత్రాన చట్టం తీసుకున్నట్టు కాదు మరి!

మహబూబాబాద్ జిల్లాకు వస్తే చిక్కు ఇంకో రకం. కొత్తగూడ, గంగారం ఏజెన్సీ మండలాలు. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. జనగామలో సక్రమమైన క్రయమే అక్కడ నేరుగా చట్టవిరుద్ధం కావచ్చు. ‘అన్ని మండలాలకూ ఒకే ఫారం పెడదాం’ అనే ప్రతిపాదన కోడ్‌గా ఎంత పొందికైనదైనా, ఈ తేడా తెలిసినవాళ్లు చూడకుండా ఆమోదించకూడదు.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సింది: తప్పు పడితే దిద్దే అధికారం ఎవరికి? భూపాలపల్లిలాంటి అడవి అంచు జిల్లాలో ఒక సర్వే నంబరులో కొంత ప్రభుత్వ భూమి ఉన్నా మొత్తం నంబరు నిషేధిత జాబితాలో పడితే, మిగతా రైతుల అమ్మకాలూ ఆగుతాయి. పాతరోజుల్లో తహసీల్దారు దగ్గర తేలే సవరణలు కలెక్టర్ లాగిన్‌కు చేరాయి. టీఎం-33 వంటి సవరణ మాడ్యూళ్లు తర్వాత వచ్చి చేరాయి. దిద్దుబాటు దారి మొదటి రోజే ఉండాల్సింది.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ఈసారి ముందుగా 4 మండలాల్లోనే నడిపి చూశారు. అందులో వెంకటాపూర్ ఒకటి. ఇప్పుడు ములుగు జిల్లా, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోదే. అక్కడ రెవెన్యూ సదస్సులు పెట్టి, ఊళ్లకే వెళ్లి దరఖాస్తులు తీసుకున్నారు.